పుస్తకం పేరే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతం సారూ!

ఆన్‌లైన్ పుస్తకాల అంగడి వారి వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

నల్లగొండ నుంచి ఒక పాఠకుడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ముందుగా అభినందనలు. మీ దగ్గర కొలువు చేసే పిల్లల్లో ఎవరికీ కోపం రాదు. ఏమడిగినా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటారు. నాకు అసౌకర్యమేమీ లేదమ్మా, ఒక పుస్తకం కావాలంతే అని రాస్తే దానికీ చింతించారు. ఇంత చింత నెత్తిన పెట్టుకుని రోజంతా ఎట్లా పనిచేస్తారో!

సంగతేమిటంటే, చిన్నప్పుడు శాఖా గ్రంథాలయంలో చదివిన నవల ఒకటి మళ్లీ చదవాలని మనసైంది. పేరు గుర్తు లేదు. రాసినాయన పేరు తెలిసే వీలే లేదు. నా చేతికొచ్చేనాటికే దానికి అట్టా లేదు, మొదటి పేజీలూ లేవు. కథ మాత్రం గుర్తుంది. పాలమూరు దిక్కు ఊరు. వానల్లేవు. గుంపుమేస్త్రీ అడ్వాన్సులిచ్చి మనుషుల్ని నాగార్జునసాగర్ కట్ట పనికి తోలుకపోతుంటాడు. పిల్లాజెల్లాతో బయల్దేరిన ఒకామె ఇంటి తాళంచెవి పక్కింటి ముసలమ్మ చేతిలో పెట్టి, దీపావళికి ఇల్లు అలికి ముగ్గేయమని చెబుతుంది. ముసలమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, "నేనుంటే గద బిడ్డా" అంటుంది. గుర్తున్నదంతా పూసగుచ్చినట్టు రాసి పంపాను.

జవాబు చిటికెలో వచ్చింది. "ప్రియమైన కస్టమర్, పుస్తకం వెతకడం చాలా సులభం! పైన కనిపించే పెట్టెలో పుస్తకం పేరు టైపు చేయండి." పేరు తెలియదని మొదటి వాక్యంలోనే మొత్తుకున్నాను కదా అని మళ్లీ రాశాను. "అక్షరదోషాలు లేకుండా టైపు చేశారో లేదో సరిచూసుకోండి" అన్నారు. తెలియని పేరులో అక్షరదోషాలు ఎక్కడ దొర్లుతాయో నాకైతే అంతుపట్టలేదు. ఆ తర్వాత మీ సీనియర్ ప్రతినిధి ఒకామె రంగంలోకి దిగి, ఫోను వాడటం కష్టంగా ఉంటే ఇంట్లో పిల్లల సాయం తీసుకోండి సార్ అని హితవు చెప్పింది. తల్లీ, మా పిల్లలు కూడా మీలాంటి కంపెనీల్లోనే ఉన్నారు. పండక్కి వచ్చినప్పుడు వాళ్లకు తెలుగులో టైపు చేసిపెట్టేది నేనే.

జవాబు కిందనే "ఇవి కూడా మీకు నచ్చవచ్చు" అని ఒక వరుస. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, కోటీశ్వరులయ్యే కిటుకులు, మిక్సీ జార్ మూత. మూత ధర మాత్రం న్యాయంగానే ఉంది.

ఆఖరికి, పుస్తకం ఐఎస్‌బీఎన్ చెబితే చాలన్నారు. అదేమిటో నాకు తెలియదేమోనని, వెనక అట్ట మీద ఉండే 13 అంకెల సంఖ్య అని ఒకటో తరగతి పిల్లగాడికి చెప్పినట్టు విడమర్చారు. అట్టే లేదన్నాను గదా! అది సరే. ఆ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా కుదురుకున్నదే 1970లో. మొదట పది అంకెలే, 2007 నుంచి పదమూడయ్యాయి. మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో అచ్చయింది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దానికే ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. ఆ తొలి ముద్రణను ఎన్నిసార్లు తిరగేసినా మీ అంకెలు కనిపించవు. మీ లెక్కన అది పుట్టనట్టేనా?

సురవరం వారి పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మీ మాదిరి జవాబులు మాకు కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరని వెనకటికో పండితుడు తేల్చిపారేశాడు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం వారు ఆ పండితుడితో తగువుకు కూర్చోలేదు. ఎక్కడెక్కడి కవుల పద్యాలో కూడబెట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది! గద్వాలకు విద్వద్గద్వాల అని పేరున్న నేల ఇది. ఆ పండితుడికి కనిపించనంత మాత్రాన మనుషులు లేకుండా పోతారా?

ఇక నా నవల సంగతి. గ్రంథాలయంలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరుంటే పోయి ఇవే ముక్కలు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "కట్ట అప్పటికి లేస్తున్నదా, లేసిందా?" అని అడిగాడు. లేస్తున్నది, రాళ్లు మోస్తున్నరు అన్నాను. "అట్లయితే కథ నెహ్రూ పునాదిరాయి ఏసినంక, ఇందిరమ్మ నీళ్లిడవక ముందు. 55 డిసెంబరుకూ 67 ఆగస్టుకూ నడుమ. అంతకు ముందటి పుస్తకాలన్నీ పక్కకు పెట్టు" అన్నాడు. మాటలు మన యాసలో ఉన్నాయా, పుస్తకాల భాషలోనా? మేస్త్రీది ఏ ఊరు? ఊరోళ్లు రైలెక్కుతారా, లారీ ఎక్కుతారా? లారీ! ఆయన అడిగేదాకా ఆ లారీ నాకు గుర్తే లేదు. వెనక తడికె కట్టిన లారీ, మీద కుండలు, ఒక మేకపిల్ల. అంతసేపూ మాట్లాడి చివరికి, "పేరు మాత్రం నాకు తెల్వదు సారూ" అన్నాడు. చాయ్ తాగి సంతోషంగా ఇంటికొచ్చాను.

మీ పిల్లలను తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికిచ్చిన కాగితంలో ఎదురుప్రశ్న అన్నదే లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఇంకో ఫిర్యాదు ఎత్తుకునేలోపు నాది మూసేయాలాయె. కాగితం రాసింది మీరు. రంగనాథన్ గారు 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలన్నది ఒకటి. పేరు తెలిసిన పాఠకుడికి మాత్రమే అని ఆయన మెలిక పెట్టలేదు. నకిరేకల్ దగ్గర చెరువుమాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మారు. ఆయనకు గోదాములెక్కడివి? కొనేవాడి ఎదుట నిలబడి మాట్లాడేవారు.

పుస్తకం వెతికిపెట్టమని మిమ్మల్ని ఇక అడగను. తెలియకపోతే తెలియదని రాయండి, ఏమీ అనుకోను. "సమస్య పరిష్కరించబడింది" అని మూసేసిన నా ఫిర్యాదును మాత్రం తెరిచి పెట్టండి, పరిష్కారం కాలేదు కనుక. వీలైతే ఆ వెతుకు పెట్టె పక్కన ఇంకో పెట్టె పెట్టి, గుర్తున్నంత రాయండి అని అడగండి. రాసినదాన్ని తెలుగు చదవొచ్చిన మనిషికి చూపించండి.

ఇట్లు,
మీ 'ప్రియమైన కస్టమర్'

తా.క.: దేవరకొండ దిక్కు ఒక పాత పంతులు గారింట్లో గోనెసంచుల నిండా పుస్తకాలున్నాయట. ఆదివారం చూసొద్దామని పెద్దాయన ఫోను చేశాడు, పోతున్నాం. ఈలోగా మీ సేవకు రేటింగు ఇమ్మని మళ్లీ మెసేజ్ వచ్చింది. అందులో ఒకటి నుంచి అయిదు దాకానే ఉంది. సున్నకు గడి పెట్టలేదు, చూడగలరు.