అభ్యంతరం లేదు

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఒక మూడంతస్తుల మిద్దె. అంతస్తుకు రెండు చొప్పున ఆరు ఇండ్లు, ఆరింటిలోనూ బాడుగకున్నోళ్లే. ఓనరు కాపురం మాత్రం వల్లూరు పక్కన పల్లెలో. నెల మొదట్లో బస్సెక్కి వచ్చి, మెట్ల కింద కుర్చీ వేసుకుని, బాడుగలు లెక్కబెట్టుకుని పోతాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కొడుకు ఒకసారి ఫోన్లో చెవిన వేశాడు. "ఇంకా బాడుగలేంది నాయనా? ఒక్కో ఇల్లు ఒక్కో ఫ్లాటుగా అమ్మెయ్." ఆ అబ్బాయి ఉండే ఊర్లోనే ఆ పని చేయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. బాడుగ ఇండ్లను విడగొట్టి అమ్ముకోవడానికి నగరపాలక సంస్థ ఒప్పుకోవాలి. ఏటా 200 ఇండ్లకు లాటరీ తీసేవాళ్లు, 2013లో దాన్నీ కొన్నేళ్లపాటు ఆపేశారు. మన దగ్గర అంత తతంగం లేదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉండనే ఉంది. స్థలంలో ఫ్లాటుకింత అని విడదీయరాని వాటా చూపాలి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయాలి, మున్సిపాలిటీలో ఫ్లాటుకో పన్ను నంబరు తెచ్చుకోవాలి. బాడుగకున్నోళ్లను ఒక మాట అడగాలని ఎవరికీ తోచదు.

ఐదిండ్ల వాళ్లు గొడవ లేకుండా ఖాళీ చేశారు. మిగిలింది పై అంతస్తులో రిటైరైన లెక్కల సారు.

"కొనేదుంటే ముందు మీకే సార్. లేదంటే ఉగాదికల్లా ఖాళీ చేయండి."

పెన్షన్ డబ్బుతో ఫ్లాటు కొనడం అయ్యే పనా? సారు మారు మాట్లాడకుండా పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఓనరు పన్ను నంబర్ల కోసం మున్సిపాలిటీకి పోయాడు. గుమాస్తా రికార్డు చూసి తలెత్తాడు.

"మీ అన్న సంతకం ఏదీ?"

"ఏ అన్న?"

"పై అంతస్తు ఆయన భాగం కదా. అభ్యంతరం లేదని ఆయన రాసియ్యాల."

ఓనరుకు అప్పుడు గుర్తొచ్చింది. 2021 ఏప్రిల్‌కు ముందు ఇంటి పన్ను ఇప్పటిలా ఆస్తి విలువ మీద లేదు. ఆ ఇంటికి ఏడాదికి ఎంత బాడుగ వస్తుందో అంచనా కట్టి వేసేవాళ్లు. ఓనరే కాపురముంటే ఆ అంచనాలో 40 శాతం తగ్గింపు, బాడుగకిస్తే ఆ తగ్గింపు లేదు. ఇంకేం, కొలతలకు వచ్చినోళ్లకు మనవాడు మిద్దె మొత్తం మా ఇంటోళ్లే అని రాసిచ్చాడు. కింద తాను, నడిమి అంతస్తులో కొడుకు. పైన ఎవరని అడిగితే, సారుదీ తనదీ ఒకటే ఇంటిపేరు కాబట్టి అన్న అన్నాడు. ఉమ్మడి ఆస్తి, ఎవరి భాగంలో వాళ్లున్నామని కింద సంతకం కూడా చేశాడు. అప్పట్లో అది గొప్ప తెలివి.

"అన్న కాదు సామీ, ఆయన బాడుగకుండే మనిషి," అన్నాడు ఇప్పుడు.

"అట్లయితే అదే రాసియ్యండి. ఎన్నేళ్ల నుంచి బాడుగకున్నారో చెప్తే పాత పన్ను తేడా లెక్కగడతాం."

ఆ మాటతో ఓనరు బయటపడి, కిలో యాపిల్ పండ్లు కొనుక్కుని పై అంతస్తు మెట్లెక్కాడు. ఏదో చిన్న ఫార్మాలిటీ సార్, అంటూ కాగితం చేతికిచ్చాడు. సారు కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి చదివారు. పెన్ను మూత తీశారు.

"సంతకానిదేముంది తమ్ముడూ, పెడతా."

ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు.

సారు లేచి, కట్టిన అట్టపెట్టె ఒకటి విప్పి, అట్ట చినిగిన లాంగ్ నోట్‌బుక్ తీశారు. నెల, తేదీ, మొత్తం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బాడుగల లెక్కే.

"సొంత అన్న దగ్గర ఎవరైనా బాడుగ వసూలు చేస్తారా? కూడి పెట్టినా, చూసుకో. అది తెచ్చియ్యి, అప్పుడే సంతకం."

ఐదు ఇండ్లు ఖాళీగానే ఉన్నాయి. ఆరో ఇంటి నుంచి బాడుగ రావడం లేదు. మిద్దెకంతా ఈరోజుకీ ఒకటే పన్ను నంబరు.