సీఏ కాని అకౌంట్స్ సారు

మా సంగారెడ్డిలో బీకాం చదివినోడికి పెళ్లి భోజనం సుఖంగా దిగదు. పప్పు కలుపుకునేలోగా ఎవరో ఒక పెద్దాయన అందుకుంటాడు: "ఏం బిడ్డా, సీఏ చేస్తలేవా?" లేదనగానే ఆయన మొహంలో జాలి. "పోనీ, బ్యాంకు పరీక్షలన్నా రాయి" అని ఓదార్పు. ఇంటర్ తప్పినోడికి కూడా ఇంత పరామర్శ ఉండదు.

ఆ పెద్దాయన ఒకసారి ఇస్నాపూర్ దాటి పాశమైలారం వైపు రావాలి. ప్రతి ఫ్యాక్టరీ గేటు వెనకా ఒక గది, గదిలో ట్యాలీ, ట్యాలీ ముందు ఒక బీకాం. సీఏ గారు అక్కడ ఉండరు. ఆయన హైదరాబాదులో ఉంటారు, సెప్టెంబరులో ఫోనెత్తరు. ట్యాక్స్ ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు చట్టం ఆయనకే ఇచ్చింది, కాదనను. జీఎస్టీఆర్-9సి మీద మాత్రం 2021లో ఆ సంతకం తీసేసి, కంపెనీయే ధ్రువీకరించుకుంటే చాలన్నారు. పని ఎప్పుడూ మాదే, అప్పట్నుంచి భయం కూడా మాదే.

మాకు వారాలుండవు, తేదీలే. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బి. ఏకాదశి ఎప్పుడో మా అమ్మ చెప్తుంది, పోర్టల్ ఎప్పుడు మొరాయిస్తుందో నేను చెప్తాను: 20 సాయంత్రం.

పీఎఫ్ ఇంకో చదువు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాడి పేరు ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఇంకొకటి, వాడు చెప్పేది మూడోది. డెబిట్, క్రెడిట్ నేర్పిన కాలేజీ ఇది నేర్పలేదు, హిందీ అసలే నేర్పలేదు. ఇక రాత్రి పదింటికి లారీ డ్రైవర్ ఫోను: "సార్, వేబిల్లుల బండి నంబరు తప్పు పడ్డది, ఆపిన్రు." సరుకు విలువ యాభై వేలు దాటిందంటే నా నిద్ర కూడా ఆ బిల్లుతోనే ప్రయాణం చేస్తుంది. కాటా చీటీకీ, స్టోర్స్ రిజిస్టర్‌కూ, సప్లయర్ బిల్లుకూ మూడు వేర్వేరు బరువులుంటే రాజీ కుదిర్చేది కూడా నేనే. యజమాని దృష్టిలో ఇదంతా "కంప్యూటర్ ముందు కూర్చునే పని".

దారులు లేవా అంటే ఉన్నాయి. కామర్స్ డిగ్రీతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదైతే చిన్న యూనిట్ల రిటర్నులు సొంతంగా వేసుకోవచ్చు. ముత్తంగి దగ్గర ఔటరెక్కితే గచ్చిబౌలిలో విదేశీ కంపెనీల బిల్లులు చూసే ఆఫీసులున్నాయి. అక్కడ ఏసీ ఉంటుంది, కాటా ఉండదు. నాకైతే మొదటిదే నచ్చింది, బోర్డు మీద మన పేరుంటుంది.

సీఏ మీద మనసుంటే చదవండి, చుట్టాల కోసం మాత్రం వద్దు. ఫ్యాక్టరీలో చేరేవాళ్లకు నాదొక్కటే మనవి: జీతం మాట్లాడేటప్పుడు "అకౌంట్స్" అని ఒక్క ముక్కతో ఒప్పుకోకండి. జీఎస్టీ, పీఎఫ్, స్టోర్స్, వేబిల్లు అని విడివిడిగా రాయించుకుని, ఒక్కోదానికీ విడిగా అడగండి.