షెడ్డు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: పెడలు తొక్కినా ప్లేటు వదలట్లేదు సార్, బాక్సు దింపాల్సిందే.

అవతారిక: ఇంజను ఆపి ఉంచితే గేర్లన్నీ సాఫీగా పడతాయి. స్టార్ట్ చేశాక ఒక్కటీ పడదు. రివర్సుకు తోస్తే కరకరమని పళ్లు నూరుతుంది. ఇట్టి కారొకటి షెడ్డు చేరగా, మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే క్లచ్ ఒక్కసారి తొక్కి చూసి ఈ వాక్యం పలికెను.

ప్రతిపదార్థం: పెడలు = ఎడమ పాదమునకు నెలవైన ఇనుప మెట్టును; తొక్కినా = అడుగంటా అదిమినప్పటికిని; ప్లేటు = ఫ్లైవీలుకును ప్రెజర్ ప్లేటుకును నడుమ నలుగు బిళ్ల; వదలట్లేదు = ఇంజనుతో పొత్తు విడువకున్నది; సార్ = ఓ కారు యజమానీ (బిల్లు కట్టువాడవని ధ్వని); బాక్సు = గేర్‌బాక్సును; దింపాల్సిందే = క్రిందికి దించక తప్పదు.

తాత్పర్యం: పెడలు తొక్కితే ఫోర్కు కదలాలి. ఫోర్కు రిలీజ్ బేరింగును నెట్టాలి, బేరింగు డయాఫ్రం స్ప్రింగు వేళ్లను నొక్కాలి, అప్పుడు ప్రెజర్ ప్లేటు వెనక్కి జరిగి క్లచ్ ప్లేటుకు ఊపిరాడుతుంది. ఆ దొరికే సందు మిల్లీమీటరు లోపే. కాబట్టి దారిలో ఎక్కడ కాస్త కదలిక తగ్గినా ప్లేటు ఇంజనుతోనే తిరుగుతుంది.

విశేషాలు: వివాదమంతా 'తొక్కినా' దగ్గరే. పాదం తొక్కింది నిజమే, ఆ తొక్కుడు ఫోర్కుదాకా చేరిందా? మారుతి 800 వంటి కేబుల్ బండిలో కేబుల్ సాగినా, పెడలు దగ్గర ఆట పెరిగినా సగం తొక్కుడు దారిలోనే ఖర్చవుతుంది. నట్టు తిప్పి సరిచేస్తే సరి, పురి విడిపోతుంటే కేబుల్ మార్చాలి. హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ పని బ్రేక్ ఆయిల్ చేస్తుంది. ద్రవం నలగదు, దానిలో చేరిన గాలి నలుగుతుంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కాక గేరు పడితే గాలి పట్టిందనో, మాస్టర్ సిలిండర్ సీలు అరిగిందనో అనుమానించాలి. పెడలు కింది కార్పెట్ తడిగా ఉంటే సాక్ష్యం దొరికినట్టే. ఆయిల్ తగ్గిందని చేతికందిన ఇంజనాయిల్ పోసే మహానుభావులున్నారు. దానికి సీళ్లు ఉబ్బి, చిన్న రోగం పెద్దదవుతుంది.

మీమాంసకుల లెక్కలో 'దింపాల్సిందే' విధివాక్యం. యజమాని మాత్రం అది అర్థవాదమైతే (ఆజ్ఞ కాని ఉత్త వర్ణనైతే) బాగుండునని ఆశపడతాడు. తీర్పు చెప్పేది ఫోర్కు. ఒకరు పెడలు తొక్కుతుంటే మరొకరు గేర్‌బాక్సు పక్కన ఫోర్కు చెయ్యి చూడాలి. అది నిండుగా కదలకపోతే దోషం బయటే. నిండుగా కదిలినా ప్లేటు వదలకపోతే దోషం లోపల, బాక్సు దింపాల్సిందే. ఆయిల్ ఒత్తిడిని అందుకునే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపలే బేరింగుతో కలిసి కూర్చునే కార్లలో ఈ పరీక్ష కుదరదు; ఆ సిలిండర్ కారితే మేస్త్రీ మాటే సిద్ధాంతం.

మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడైన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ తన వ్యాఖ్యకు హద్దు గీసుకున్నాడు. కేబుల్ సాగిన కారుకు క్లచ్ కిట్ మొత్తం రాసిచ్చేవారు ఆ సంప్రదాయానికి చెందరు.

ఒక మినహాయింపు. వానాకాలమంతా కదలకుండా నిలిపిన కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవచ్చు. ఫోర్కు భేషుగ్గా కదులుతుంది, దోషం లోపలే, అయినా బాక్సు దింపక్కర్లేకపోవచ్చు. ఇంజను వేడెక్కాక ఆపి, ఖాళీ మైదానంలో రెండో గేరు వేసి, క్లచ్ తొక్కే ఉంచి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ఇస్తూ తీస్తూ పోతే ఆ కుదుపులకు ఒక్కోసారి ఊడి వస్తుంది. ముందు ఎవరూ ఉండరాదు: క్లచ్ తొక్కే ఉన్నా బండి కదులుతుంది.

పాఠాంతరం: బాక్సు దింపాక విరిగిన స్ప్రింగు వేళ్లు, వంగిన ఫోర్కు, తుప్పుతో ప్లేటు జారని షాఫ్టు పళ్లు బయటపడవచ్చు. కొత్త ప్లేటు వేసిన మర్నాడే ఈ జబ్బు వస్తే మాత్రం ప్లేటు తిరగేసి బిగించారేమో చూడాలి. గేర్‌బాక్సు వైపు ఉండాల్సిన ముఖం ఫ్లైవీలు వైపు తిరిగితే దాని బొడ్డు ఫ్లైవీలు బోల్టులకు తగులుతుంది, ప్లేటు వదలదు. వ్యాఖ్యాతలు దీన్ని లేఖక ప్రమాదమంటారు. రెండోసారి దింపిన కూలి ఎవరు పెట్టుకోవాలన్న చర్చ ఈ ఘట్టంలోనే మొదలవుతుంది. దానికి టీక ఎవరూ రాయలేదు.