ఓ మారుతి 800 కథ: జయనగర్ నుంచి హిందూపురం దాకా

మారుతి 800 చిన్న పెట్రోలు కారు. పొడవు 3,335 మిల్లీమీటర్లు, వెడల్పు 1,440. ఇంజను 796 సీసీ, సిలిండర్లు మూడు. జపాన్ సుజుకి కంపెనీతో చేతులు కలిపి మారుతి ఉద్యోగ్ సంస్థ దీన్ని హర్యానాలోని గుర్‌గావ్‌లో తయారుచేసింది. మొదటి కారు తాళాలను 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ ఢిల్లీ వాసి హర్‌పాల్ సింగ్‌కు అందించారు. 1986లో రూపం మారింది. ఈ తరం వాళ్లకు గుర్తున్నది ఆ రెండో రూపమే. పాతిక లక్షలకు పైగా బండ్లు తయారయ్యాక 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. బెంగళూరు, హైదరాబాదుల్లో అంతకు ముందే కొత్త 800 అమ్మకాలు నిలిచిపోయాయి. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చిన 13 నగరాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఈ ఇంజను ఆ ప్రమాణాన్ని అందుకోలేదు.

ఈ కథ ఆ లక్షల్లో ఒక బండిది. 2004లో బెంగళూరులో రోడ్డెక్కింది. నంబరు పలక మీద కేఏ-05, అంటే జయనగర్ ఆర్టీవో. యజమానిది అనంతపురం. ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడే వేలాది కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. అలాంటి ఇంటికి అప్పట్లో మొదటి కారు అంటే దాదాపు ఇదే. ధర రెండు లక్షల పైచిలుకు. ఏసీ ఉంది. పవర్ స్టీరింగ్ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి.

ఈ బండి బలం 37 హార్స్‌పవర్. టార్క్ 59 న్యూటన్ మీటర్లు. గేర్లు నాలుగు. కాగితం మీద ఇవి చాలా చిన్న అంకెలు. కానీ బండి బరువు ఆరున్నర క్వింటాళ్ల చుట్టుపక్కలే కనుక సమతలం మీద ఇబ్బంది ఉండదు. బెంగళూరు మాత్రం సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి పలచన. టర్బో లేని ఇంజను బయటి గాలిని తనంతట తానే పీల్చుకోవాలి, గాలి పలచబడ్డ కొద్దీ సత్తువ తగ్గుతుంది. ఆ ఎత్తులో సుమారు పదో వంతు పోతుంది. అందుకే ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు డ్రైవర్ చెయ్యి దానంతటదే ఏసీ స్విచ్ మీదికి పోయేది. స్విచ్ ఆపగానే ఇంజను గొంతు తేలికపడేది, బండి ముందుకు కదిలేది. 800 నడిపిన ప్రతి చేతికీ ఈ అలవాటు ఉంది.

నగరం మారిన తీరంతా ఈ బండి చక్రాల కింది నుంచే పోయింది. హోసూరు రోడ్డు మీద సిల్క్ బోర్డు దాటడమే ఒక పూట పని అయిన కాలం నుంచి, 2010లో ఎలక్ట్రానిక్ సిటీకి పైవంతెన వచ్చేదాకా రోజూ ఆ దారే. 2008లో విమానాశ్రయం దేవనహళ్లికి వెళ్లాక బళ్లారి రోడ్డు కూడా పరిచయమైంది. పండగలకు అదే దారిలో ఇంకా ముందుకు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ మీదుగా అనంతపురం. మొదట్లో ఆ దారి పేరు ఏడో నంబరు జాతీయ రహదారి, తర్వాత 44. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో వేరుశనగ చేలు చూసిన బండే అక్కడ కియా కార్ల ఫ్యాక్టరీ లేవడమూ చూసింది. 2019లో ఆ ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలైంది. రాయలసీమ నుంచి బెంగళూరుకు పనికోసం మనుషులు పోయే రోడ్డు మీదే, రాయలసీమలో తయారైన కార్లు ట్రైలర్ల మీద ఎదురుపడటం చిన్న విషయం కాదు.

వయసు ముందు ఒంటి మీద కనబడింది. ఇంజనుకు పెద్ద జబ్బులు రాలేదు. క్లచ్ కేబుల్, బ్రేక్ షూలు, షాక్ అబ్జార్బర్లు అరిగినప్పుడల్లా జేసీ రోడ్డులో దొరికాయి. బెంగళూరులో విడిభాగాలకు ఆ వీధి పెట్టింది పేరు, 800 సామాను లేదన్న కొట్టు అక్కడ అరుదు. తలుపుల కింది అంచుల్లో, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో నీళ్లు నిలిచి తుప్పు మొదలైంది. మెకానిక్ స్టెప్నీ ఎత్తి, స్క్రూడ్రైవర్ కొనతో రేకును మెల్లగా పొడిచి చూశాడు. పెయింటు పొర పొరగా లేచి ఎర్రటి పొడి రాలింది. "సార్, ఇంజను ఇంకో పదేళ్లు నడుస్తాది. రేకే నిలబడదు," అన్నాడు. పాత కార్ల సంగతిలో ఇంతకన్నా కచ్చితమైన మాట లేదు. అరిగిన భాగాన్ని మార్చవచ్చు, తినేసిన రేకుకు అతుకు మాత్రమే వేయగలం.

2019లో పదిహేనేళ్లు నిండాయి. కర్ణాటకలో ఢిల్లీ లాగా వయసును బట్టి బండిని రోడ్డు మీది నుంచి తీసేసే నియమం లేదు. ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. అప్పటికి కేంద్ర రుసుము కొన్ని వందలే. 2022 ఏప్రిల్ నుంచి కారుకు అది 5,000 రూపాయలైంది. ఈ బండి పాత రుసుముతోనే గట్టెక్కింది.

కొత్త కారు మాట రావడానికి కారణం తుప్పూ కాదు, రుసుమూ కాదు. బ్రేకులు. ఒక వానాకాలం సాయంత్రం అనంతపురం నుంచి తిరిగి వస్తుండగా చిక్కబళ్లాపురం ఇవతల ముందు లారీ ఒక్కసారిగా ఆగింది. పెడల్ గట్టిగా తొక్కారు. చక్రాలు నాలుగూ బిగుసుకుపోయాయి, బండి మాత్రం తడి రోడ్డు మీద జారుతూనే పోయింది. స్టీరింగ్ తిప్పినా దిశ మారలేదు. చక్రం దొర్లుతున్నంతసేపే టైరుకు రోడ్డు మీద పూర్తి పట్టు ఉంటుంది, తిప్పిన వైపు తిరిగేదీ అప్పుడే. బిగుసుకుపోయిన చక్రానికి పట్టు తగ్గుతుంది, తిప్పినా తిరగదు. ఏబీఎస్ ఉన్న కారులో ప్రతి చక్రం దగ్గరా వేగం చూసే సెన్సర్ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతుంటే క్షణంలో బ్రేకు ఒత్తిడి సడలించి, మళ్లీ బిగిస్తుంది, ఇలా సెకనుకు ఎన్నోసార్లు. కాలి కింద పెడల్ అదరడం అందువల్లే. ఈ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్నాయి తప్ప ఆ సదుపాయం లేదు. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లోనే. ఆ సాయంత్రం లారీ వెనక మూరెడు జాగా మిగిలింది. కారులో ఎవరికీ ఏమీ కాలేదు. ఇల్లు చేరాక కూతురు, "నాన్నా, ఇంక ఈ కారులో ఊరికి పోవద్దు," అంది. ఆయన మారు మాట్లాడలేదు.

ఆ అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ బండి మీదే. అప్పటికి ఉద్యోగంలో చేరింది. ఆమెకు కావలసింది భద్రత ఒక్కటే కాదు, పికప్ కూడా. బెంగళూరులో ఆ రుచి కొత్తది కాదు. ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్ దారి పట్టే కార్ల వరసలు చూస్తే తెలుస్తుంది. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ చిన్న కారులో పెద్ద పికప్ అంటే ఏమిటో ఇక్కడి ఉద్యోగులకు చూపించింది. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగింది. అదే ఏడాది ఈ ఇంటికి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చింది. 2021 సెప్టెంబరులో విడుదలైన ఆ కారు తయారయ్యేది చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో.

ఎన్ అనే అక్షరం కొరియాలో హ్యుందాయ్ పరిశోధన కేంద్రం ఉన్న నామ్‌యాంగ్‌కూ, జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌కూ గుర్తు. కొనేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. యూరప్‌లో అమ్మిన అసలు ఐ20 ఎన్ ఇంజను 1.6 లీటర్లది, రెండు వందలు దాటిన హార్స్‌పవర్ దానిది. ఇక్కడ దొరికే ఎన్ లైన్‌లో అప్పటి మామూలు ఐ20 టర్బో ఇంజనే ఉంది, బలం కూడా అంతే. తేడా అంతా గట్టిపరిచిన సస్పెన్షన్‌లో, బరువు పెంచిన స్టీరింగ్‌లో, రెండు గొట్టాల సైలెన్సర్ శబ్దంలో, వెనక చక్రాలకూ ఇచ్చిన డిస్క్ బ్రేకుల్లో ఉంది. చాలామంది మొదటి మూడూ చూసి కొంటారు. డబ్బుకు అసలు విలువ నాలుగోది.

రెండు బండ్లనూ పక్కపక్కన పెడితే ఒక ముచ్చట బయటపడుతుంది. కొత్త ఇంజను 998 సీసీ. సిలిండర్లు దానికీ మూడే! పరిమాణం పాతదానికన్నా పాతిక శాతమే ఎక్కువ, బలం మాత్రం 120 హార్స్‌పవర్, మూడు రెట్లకు పైనే. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం టర్బోచార్జర్‌ది. 800లో కాలిన పొగ సైలెన్సర్ గుండా వృథాగా పోయేది. టర్బోలో ఆ పొగే ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. పెట్రోలు కూడా గాలి వచ్చే దారిలో కాకుండా నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కనుక లోపలి వేడి అదుపులో ఉంటుంది. బెంగళూరు ఎత్తు వల్ల పోయే సత్తువను కూడా టర్బో చాలావరకు పూడుస్తుంది. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగే దగ్గరే 172 న్యూటన్ మీటర్ల టార్క్ అందుతుంది. ఏసీ ఆపే అలవాటుకు ఇక పని లేదు.

ఖర్చు మాటకు వస్తే, విడుదలైనప్పుడు షోరూం ధర 9.84 లక్షల నుంచి 11.75 లక్షల దాకా ఉండేది. కర్ణాటకలో జీవితకాల పన్ను దేశంలోనే ఎక్కువైనవాటిలో ఒకటి: 10 లక్షలు దాటి 20 లక్షల లోపున్న కారుకు 17 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. పైరకం తీసుకుంటే పన్ను ఒక్కటే రెండు లక్షలు దాటుతుంది. అంటే ఈ 800 మొత్తం ధర అంత. మైసూరు రోడ్డులోని గాలి ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు నడిపారు. 2004లో ఈ బండికి జరిగిన పూజా అక్కడే.

నగరం లోపల కొత్త కారు బలానికి పని తక్కువ. టామ్‌టామ్ సంస్థ 2022 లెక్కల్లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది, లండన్ తర్వాత ప్రపంచంలో రెండో స్థానం. అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు. ఆ వేగానికి 37 హార్స్‌పవర్ కూడా ఎక్కువే. పైగా ఇలాంటి కార్లలో వచ్చే రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సులు అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. ముందు కారుకూ మనకూ మధ్య కాస్త జాగా ఏర్పడనిచ్చి, ఒక్కసారి కదిలించడం మంచిది. సందుల్లో తిరగడానికి, ఇరుకులో పార్కింగుకు 800 మేలు. 1,775 మిల్లీమీటర్ల వెడల్పున్న కారు జయనగర్ అడ్డరోడ్లలో ఎదుటి బండికి దారివ్వడం కష్టం. హంపుల మీద గట్టి సస్పెన్షన్ నడుముకు తెలుస్తుంది కూడా.

దేవనహళ్లి దాటాక లెక్క మారుతుంది. అక్కడ 800 గంటకు ఎనభై దగ్గర ఊగడం మొదలుపెట్టేది, పక్కనుంచి బస్సు పోతే ఆ గాలికి ఒరిగేది. పొడవైన చక్రాల ఎడం, 16 అంగుళాల టైర్లు, వెయ్యి కిలోలు దాటిన బరువు ఉన్న కారు అదే రోడ్డు మీద స్థిరంగా పోతుంది. అయితే వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుంది, ఇది ఏ కారుకైనా ఒక్కటే. నూటఇరవై హార్స్‌పవర్ ఉన్న కారుకు నాలుగు డిస్కులు, ఏబీఎస్, జారుడును అదుపుచేసే ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండి తీరాలన్నది అందుకే. పరుగుకు తగ్గ ఆపుదల లేని స్పోర్టీ కారు కొనదగింది కాదు.

పాత బండికి రెండు దారులు మిగిలాయి. 2021 నాటి తుక్కు విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రానికి అప్పగిస్తే డిపాజిట్ పత్రం ఇస్తారు. దాంతో కొత్త కారు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. రెండోది అమ్మకం. ఇంజను బాగుంది కనుక ఈ బండి హిందూపురంలో ఒక కొట్టు యజమానికి వెళ్లింది. అక్కడ ఇంటికీ కొట్టుకీ మధ్య తిరుగుతోంది, హైవే ఎక్కదు. తలుపుల అంచులకు కొత్త రేకు అతికించారు. కర్ణాటక ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తీసుకుని, 29, 30 నంబరు ఫారాలు నింపి, ఆంధ్రప్రదేశ్‌లో పన్ను కట్టాక కేఏ-05 పలక పోయి కొత్త నంబరు వచ్చింది.

పాత కారు అమ్మేవాళ్లు ఈ చివరి పని కొన్నవాళ్ల మీద వదిలేయకండి. డబ్బు చేతికి వచ్చి, తాళాలు ఇచ్చేసినా, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మారిన ఆర్‌సీ నకలు చేతికి వచ్చాకే అమ్మకం పూర్తయినట్టు.