సెక్షన్ల బాబాయి

పోలీసులు బండి ఆపితే మా బాబాయికి పండగ, వెనక కూర్చున్న పిన్నికి శిక్ష. ఆడిట్ శాఖలో జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి రిటైరైన మనిషాయన. ఇప్పుడు లెక్కలు దొరక్క, హైదరాబాద్ రోడ్ల మీద ట్రాఫిక్ పోలీసుల్ని ఆడిట్ చేస్తున్నారు. ఇలాంటి పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. మాకు దక్కినాయనకి మాత్రం 1988 నాటి మోటారు వాహనాల చట్టం కంఠతా వచ్చు.

"బండి పక్కకి పెట్టండి పెద్దాయనా" అంటాడు కానిస్టేబుల్. మిగతావాళ్లు కంగారుగా పర్సు తడుముకుంటుంటే బాబాయి తాపీగా స్టాండు వేస్తారు. హెల్మెట్ తీస్తారు. జేబులోంచి చత్వారం కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంటారు.

"ఏ సెక్షన్ కింద ఆపావు బాబూ?"

"చెకింగ్ సార్. ఆర్సీ, లైసెన్సు చూపించండి."

"అలా చెప్పు. సెక్షన్ 130. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే చూపించాలి. నువ్వు యూనిఫాంలోనే ఉన్నావు, సంతోషం. మరి ఆ చెట్టు చాటున మఫ్టీలో నిలబడి ఫొటోలు తీస్తున్నాయన ఎవరు?"

అప్పుడు డిక్కీలోంచి జిప్పు కవరు బయటికొస్తుంది. అందులో లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, వాటి జిరాక్సులు, పసుపు రంగు గీతలు గీసిన చట్టం ప్రతి, ఎందుకైనా మంచిదని పెన్షన్ పుస్తకం. అన్నీ సీటు మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా హెల్మెట్ బరువు పెడతారు. పిన్ని ఫుట్‌పాత్ అంచున కూర్చుని సంచీ విప్పుతుంది. రైతుబజారు నుంచి వస్తూ దొరికిపోయిన ఒక ఆదివారం, బండి తాళాలు లాక్కునే అధికారం చట్టంలో ఎక్కడుందన్న చర్చ తేలేసరికి ఆవిడ చిక్కుడుకాయలన్నిటికీ ఈనెలు తీసేసి, గోరుచిక్కుళ్లలో పడింది.

చిక్కేమిటంటే ఆయన చెప్పేవి చాలామటుకు నిజాలే. తాగి పట్టుబడినా బండిని ఊరికే పట్టుకుపోకూడదు, వెంట తాగని మనిషి ఉంటే వాళ్ల చేతికివ్వాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఈ తీర్పు బాబాయికి నోటికొచ్చు. జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు, అయినా డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్ ఎక్కడుందో తెలిస్తే చాలు, స్కూటర్ దానంతటదే అటు తిరుగుతుంది. కొత్త గొట్టం వేయించుకుని, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే కదా కేసు అని ఒకసారి పాఠం చెప్పి, ఊది, వచ్చిన సున్నాని నా ఫోన్లో ఫొటో తీయమంటారు.

అదే ఏడాది అక్టోబరులో, గంజాయి కోసమని దారినపోయేవాళ్లని ఆపి, వాళ్ల ఫోన్లలో వాట్సాప్ వెతుకుతున్న హైదరాబాద్ పోలీసుల వీడియో బయటికొచ్చింది. నాకూ ఒళ్లు మండింది. డిక్కీలో కూరగాయల సంచీ చూడడం వేరు, మనిషి పెళ్లాంతో ఏం మాట్లాడుకున్నాడో చూడడం వేరు. బాబాయి ఆ రాత్రి నిద్రపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు తేల్చిన కేసు ఉంది కదా, ఎనభై దాటాక ఆ కేసు వేసిన రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు ఈయనకి దేవుడితో సమానం. మర్నాడు తీర్పు సారాంశం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగారు. ఫోన్ చూపించమని ఒక్కరూ అడగలేదు. ఆయనది బటన్ల ఫోను.

పిన్ని తలకి హెల్మెట్ లేదని చలానా వస్తే కట్టనంటే కట్టనన్నారు. 2022 మార్చిలో ప్రభుత్వం బైకుల చలానాలకి 75 శాతం తగ్గింపు ప్రకటించగానే జనం ఆషాఢం సేల్‌కి ఎగబడ్డట్టు ఎగబడ్డారు. బాబాయి మాత్రం మండిపడ్డారు. "నేరమైతే తగ్గింపేమిటి? నేరం కాకపోతే ఆ పావలా మాత్రం ఎందుకు?" 2023 డిసెంబరులో తగ్గింపు 80 శాతానికి పెరిగినప్పుడూ ఇదే ప్రశ్న. జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక లేక పిన్ని ఎప్పుడో నా ఫోన్లోంచి కట్టించేసింది. ఆయనకింకా తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఈ న్యాయపోరాటం ఆయన వరకే ఉంటే బాగుండేది. ఒక రాత్రి పక్కనే ఒక డెలివరీ కుర్రాణ్ణి ఆపారు. వాడి ఆర్సీ ఫోన్లో ఉంది, ఎస్సైగారికి కార్డు కావాలి. బాబాయి కేసు టేకప్ చేశారు. "డిజీలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది! నువ్వు పైసా కట్టకు, నేనున్నాను!" కుర్రాడు రెండు చేతులూ జోడించాడు. "అంకుల్, మీకు దండం పెడతా, మీరు ఊరుకోండి. ఫైన్ ఎంతో కట్టేసి పోతా. ఇప్పటికే ఆర్డర్ లేటైంది." బాబాయి వారం రోజులు మాతో మాట్లాడలేదు. చట్టం కుర్రాడి వైపే ఉంది, కానీ దాన్ని వాడుకోవాలంటే చేతిలో అరగంట ఉండాలి. పెన్షన్ వచ్చే మనిషికి అరగంట ఒక లెక్కా?

అయినా ఆయన్ని క్షమించేయాలనిపించిన సందర్భం ఒకటుంది. నెరిసిన జుట్టు చూసి "మీరు పోండి పెద్దాయనా" అని వదిలేశారు. కొంతదూరం పోయి, యూ టర్న్ తీసుకుని వచ్చి నిలదీశారు.

"నన్నెందుకు ఆపలేదు?"

"మిమ్మల్ని చూస్తేనే తెలుస్తుంది కదా సార్."

"మరి ఆ మాసిన చొక్కా అబ్బాయిని చూస్తే ఏం తెలిసింది?"

కానిస్టేబుల్ నవ్వేశాడు గానీ జవాబు చెప్పలేదు. కాగితాలు అడగడానికి అనుమానం ఉండాలని సెక్షన్ 130 ఎక్కడా అనదు. ఎవర్ని ఆపాలో అక్కడ నిలబడ్డ మనిషి కంటికే వదిలేసింది. ఆ కంటికి పాత బైకు ఇట్టే కనబడుతుంది. సుప్రీంకోర్టు 2012లోనే వద్దన్న నల్ల ఫిల్మ్ వేసుకుని, వెనక ఎమ్మెల్యే స్టిక్కరు అంటించుకుని పోయే పెద్ద కారు మాత్రం ఎందుకో ఆనదు. ఆ రోజు బాబాయి వెనక సీటు మీద నేనే ఉన్నాను. ఆఫీసుకి ఆలస్యమవుతోందని ఆయన చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాను, ఇంకొంచెంసేపు అడిగితే బాగుండునని లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఈమధ్య పిన్ని అక్క కొడుకు ఎస్సైగా సెలెక్టయ్యాడు. బాబాయి వాడికి గీతలు గీసిన చట్టం బహుమతిగా ఇచ్చి, "నీ చెకింగ్ ఎక్కడుంటే అక్కడికి వస్తాను, చూస్తాను" అని దీవించారు. ట్రైనింగ్ అయ్యాక వాడు రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నన్ను ట్రాఫిక్‌లో వేశారని బాబాయికి చెప్పకు. లా అండ్ ఆర్డర్ అను."

అలాగే చెప్పాను. బాబాయి మొహం వెలిగిపోయింది.

"అయితే సీఆర్పీసీ పనికిరాదు, దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కదా. కోఠీలో దొరుకుతుంది, బండి తియ్యి."