చెదల సంసారానికి బహిరంగ లేఖ

పెరటి గోడ అవతల, వేపచెట్టు మొదట్లో పుట్ట పెట్టుకుని కాపురముంటున్న చెదల రాణిగారికీ, వారి లెక్కలేనంత సంతానానికీ,

నమస్కారం. మేమిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమేనా అని అడగాల్సిన పని లేదు, ప్రహరీ మీద ఎర్రమట్టితో మీరే రాసి పెడుతున్నారు.

హన్మకొండ శివారులో, ఈ చెలక నేలల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లెవరికీ మీరు కొత్త కాదు. నాకు మీతో పని పడింది మాత్రం ఉద్యోగం దిగిపోయాక. పెరట్లో 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో షెడ్డు వేసుకుని వడ్రంగం చేసుకుందామన్నది నా చిరకాలపు కోరిక. మీ వైపు నుంచి చూస్తే ఆ కోరిక ఎలా ఉంటుందో ఊహించగలను. ఎవడో ముసలాయన సొంత డబ్బు పోసి, ఎక్కడెక్కడి కర్రో తెచ్చి, పుట్టకు పాతిక అడుగుల దూరంలో పేరుస్తున్నాడు. వానకు తడవకుండా పైన రేకులు కూడా కప్పుతున్నాడు.

మీకు రావాల్సిన గౌరవం మీకు రాలేదన్నది నేను ముందే ఒప్పుకుంటాను. పుట్ట కట్టిన కష్టం మీది, కాపురం పాముది, సామెతలో పేరు చీమలది. నాగుల చవితినాడు పాలు పోసేవాళ్లెవరూ మిమ్మల్ని తలుచుకోరు. మీరు చీమలు కూడా కాదు, బొద్దింకల వంశం. మీ కూలీలకు కళ్లు లేవు, గాలి కాస్త పొడిగా తగిలితే ఒళ్లు ఎండి చచ్చిపోతారు. అయినా పుట్ట లోపల నమిలిన కర్రతో మడులు కట్టి బూజు పండిస్తారు, ఆ పంట తిని బతుకుతారు. వానలు పడ్డాక పుట్ట మీద మొలిచే గొడుగులు ఆ మడుల్లోంచి వచ్చినవే. మేం వాటిని ఏరుకొచ్చి కూర వండుకుంటాం, మిమ్మల్ని అడగం. వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల కింద నీటి జాడ కనిపెట్టడానికి చెట్టు పక్కన పుట్ట ఉందా లేదా చూడమన్నాడు. ఇంత విద్య ఉన్నవాళ్లు నా టేకు చెక్క జోలికి ఎందుకు రావాలి?

మందు కొట్టించమని చెప్పని మనిషి లేడు. మందు చరిత్ర మీకంటే నాకు తక్కువేం తెలియదు. మా నాన్నల కాలంలో ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ అనేవి పునాదుల్లో పోసేవారు. అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉండేవి, ఆ గుణమే వాటి గొప్ప. మనిషి కొవ్వులోనూ అలాగే ఉండిపోతాయని తేలాక 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందంలో ఆ మూడూ నిషేధాల జాబితాకెక్కాయి. ఇప్పుడు క్లోరోపైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్ నడుస్తున్నాయి. వాటిని ఎలా వాడాలో ఐఎస్ 6313 అనే ప్రమాణంలో లెక్కలున్నాయి. కొత్త పునాదైతే గోతి అడుగున చదరపు మీటరుకు 5 లీటర్ల మందు నీళ్లు, గోడ వెంట పూడ్చే మట్టికి ఏడున్నర. కట్టేసిన ఇల్లయితే గోడా గచ్చూ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, బెజ్జానికి లీటరు దాకా. మా ఇంటికి వచ్చిన కుర్రవాళ్లు రెండడుగులకొకటి వేశారు. బెజ్జంలో ఎంత పోశారో చూద్దామని వంగితే, వాసన పడదు సార్, లోపలికి వెళ్లండి అన్నారు. పదేళ్ల గ్యారంటీ కాగితం చేతిలో పెట్టారు. చదివితే అర్థమైంది. మీరు మళ్లీ వస్తే వాళ్లు మళ్లీ వచ్చి మందు కొడతారు, అంతే. తిన్న ద్వారబంధం గురించి అందులో ఒక్క మాట లేదు.

ఆ మందు పనిచేయదని నా వాదన కాదు. లెక్క ప్రకారం పోస్తే పనిచేస్తుంది. నాకు నచ్చనిది ఆ భరోసా. మందు కొట్టించినవాడు ఇక గోడ వైపు చూడడు. మీకు కావలసిందీ అదే. మీ బలం పళ్లలో లేదు, మరుగులో ఉంది. వెలుతురూ గాలీ తగలకుండా మట్టి గొట్టం కట్టుకుంటూ తప్ప మీరు ఒక్క అడుగు కదలలేరు. కాబట్టి షెడ్డు కట్టేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటే. మిమ్మల్ని రాకుండా ఆపలేకపోవచ్చు, వచ్చేది మాత్రం నా కళ్ల ముందు నుంచే రావాలి.

నేలలో ఉన్న పాత వేళ్లు, మేస్త్రీలు ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసి పోయిన సెంట్రింగు చెక్క ముక్కలు మొత్తం తవ్వించి తీయించాను. ప్రతి ఇంటి గచ్చు కిందా మీకు అలాంటి పెళ్లి భోజనం ఒకటి ఉంటుంది. గచ్చు నేల మట్టం నుంచి అడుగున్నర ఎత్తు లేపాను. స్తంభాలు ఇనుప గొట్టాలు, కర్ర ఎక్కడా మట్టిని తాకదు. గచ్చు అంచుకు చుట్టూ సున్నం కొట్టించాను. తెల్ల సున్నం మీద ఎర్రమట్టి గీత పడితే వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. ఆ అంచుకు ఆనించి ఇటుక పెట్టనివ్వను, పూలకుండీ పెట్టనివ్వను. ఈ విషయంలో ఇంట్లో నా మీద ఉన్న కోపానికి మీరే బాధ్యులు. కరెంటు పైపులు గోడలో పూడ్చకుండా పైనే వేయించాను. ఎలక్ట్రీషియన్‌కు అది చూడముచ్చటగా అనిపించలేదు. కానీ గోడ లోపలి పైపంటే మీకు గొయ్యీ గుంటా లేని రహదారి కదా. రేకుల మీది నీళ్లు గట్టరు పట్టి దూరంగా వదిలేశాను. ఉలి సాన పట్టిన నీళ్లు కూడా గోడ వార పారబోయను, చెమ్మ లేకపోతే మీకు బండి నడవదు.

అసలు నా ఫిర్యాదు ఇక్కడుంది. చెక్కల ర్యాకు గోడకు ఆనితే దాని వెనక మీరేం చేస్తున్నారో తెలియదు. అందుకని ర్యాకులు, బెంచీ, పనిముట్ల బీరువా, అన్నీ గోడకు జానెడు ఎడంగా పెట్టాను. నాలుగు వైపులా జానెడు. లెక్క వేసి చూస్తే 160 చదరపు అడుగుల షెడ్డులో దాదాపు 37 అడుగులు ఎవరికీ కొరగాకుండా పోయాయి. ఎనిమిదడుగుల పలకను రంపం మీద నిలువునా కోయాలంటే నేను తలుపు తీసి సగం పలకను పెరట్లోకి నెట్టాల్సి వస్తోంది. మీరు ఇంతవరకూ నా షెడ్డులో ఒక్క పుల్లను కొరకలేదు, అయినా పావు వంతు స్థలం మీ పేరిట రాసిచ్చాను. ఇంత చవకగా భూమి సంపాదించినవాళ్లను ఈ చుట్టుపక్కల వెంచర్లలో కూడా చూడలేదు.

కర్ర సంగతి. మా వడ్లాయన చెక్కను చేతిలో తిప్పి చూసి, చేవ ఉన్నదాన్ని ఒక పక్క, తెల్లచెక్కను ఒక పక్క వేస్తాడు. చేవ టేకులో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుందనీ, మీకు అది గిట్టదనీ శాస్త్రవేత్తలు చెప్పింది చాలా తర్వాత. అయితే టేకంటే అంతా చేవ కాదు. తోటల్లో పెంచి తొందరగా నరికిన చెట్టులో తెల్లచెక్క పాలు ఎక్కువ. అలాంటి దానికి గోధుమరంగు పూసి డిపోలో నిలబెడితే కొనేవాడికి తెలియదు. మీకు తెలుస్తుంది. ఆ రంగును పొరలా వదిలేసి లోపలిదంతా ఖాళీ చేస్తారు. నా బెంచీకి మాత్రం పడగొట్టిన పాత పెంకుటింటి దూలాలు తెచ్చాను. చిత్రిక పడితే ఇప్పటికీ నూనె వాసన వస్తాయి. మేకులు తీయడానికి నడుం విరిగింది, అది వేరే సంగతి. మామిడి, బూరుగు, రబ్బరు చెక్క షెడ్డులో రాత్రి ఉంచను. ఏటికొప్పాకవాళ్లు లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర నాలుగు ముక్కలు తరిణె పట్టడానికి తెచ్చుకున్నాను, అవి రేకు డబ్బాలో పైకప్పు నుంచి వేలాడుతున్నాయి. రంపపు పొట్టు రోజూ సాయంత్రం ఊడ్చి గోనెలకెత్తుతున్నాను. వీధి చివర టీ కొట్టులో ఇంకా పొట్టు పొయ్యే, వాళ్లు వచ్చి పట్టుకుపోతారు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పాత కుర్చీ కాలు నుంచి తెల్లటి పిండి రాలుతుంటే మా ఇంట్లో మిమ్మల్నే తిట్టారు. అది పుచ్చు పురుగు పని. పిండి రాలితే వాళ్లు, మట్టి అంటితే మీరు. ఆ కేసులో మిమ్మల్ని విడుదల చేశాను.

హవాయీలో మీ దాయాదులను ఆపడానికి బసాల్ట్ రాయిని 1.7 నుంచి 2.4 మిల్లీమీటర్ల మధ్య జల్లించి గచ్చు కింద పరుస్తారు. ఆ రవ్వను నోట కరుచుకుని మోయడానికి అది మరీ పెద్దది, రవ్వల మధ్య సందులోంచి దూరడానికి తల పట్టదు. ఇంత తెలివైన ఉపాయం నేను వినలేదు. కానీ అది అక్కడి చెదల తలకాయ కొలత. మీ తలలు కొలిచి మన క్వారీలో రవ్వ జల్లించి ఇచ్చేవాళ్లు దొరికితే మందు డబ్బాలవాళ్లకు నేను మళ్లీ ఫోన్ చేయను.

పుట్ట తవ్వించమన్నారు కొందరు. తవ్వించను. పైన మట్టి ఎంత తీసినా రాణిగారు అడుగున ఉన్నంతకాలం ఒరిగేదేమీ లేదు, పైగా చవితికి మా వీధి ఆడవాళ్లంతా ఎక్కడికి పోవాలి? బదులుగా పుట్టకూ షెడ్డుకూ మధ్య నాలుగు మామిడి మేకులు జానెడు లోతున పాతాను. తినండి. నెలకోసారి పీకి చూస్తాను. మేకు గుల్లయితే మీరు బయల్దేరారని అర్థం చేసుకుని, టార్చి పట్టుకుని సున్నం అంచు చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతాను. గీత కనపడితే గీకేస్తాను. మీరు మళ్లీ కడతారు, నేను మళ్లీ గీకుతాను. మీకూ పనే, నాకూ పనే, ఇద్దరం రిటైరవ్వం.

ఇట్లు,
మీ పొరుగువాడు

తా.క.: తొలకరి పడిన సాయంత్రం మీ పిల్లలు రెక్కలు తొడుక్కుని ఉసిళ్లుగా బయటికొస్తారు కదా. ఆ పూట షెడ్డులో లైటు వేయను, తలుపూ కిటికీలూ మూసేస్తాను. ఎదురింటి అవ్వ మాత్రం వాకిట్లో దీపం పెట్టి, కింద పళ్లెంలో నీళ్లు పోసి కూర్చుంటుంది. పడ్డవాటిని వేయించి, ఉప్పూ కారం చల్లి, పేలాల్లో కలుపుతుంది. పిల్లలకు ముందే చెప్పుకోండి.