‘లేదు’ కొట్టు.. విమానం పట్టు!

అమెరికాలో విమానం నడపాలంటే ముందు ఓ ఫారం నింపాలి. అందులో పద్దెనిమిదో ప్రశ్న దగ్గరకు రండి. ‘మీ జీవితంలో ఎప్పుడైనా ఈ కింది జబ్బుల్లో ఏదైనా వచ్చిందా?’ కింద చాంతాడంత జాబితా. అందులో ఓ మూల ఆందోళన, కుంగుబాటు. పక్కనే రెండు గళ్ళు. ఉంది, లేదు. ‘ఎప్పుడైనా’ అన్న మాట గమనించారా? నిన్నో మొన్నో కాదు బాబూ, జీవితంలో! ఇంటర్ ఫలితాల ముందురోజు పట్టిన గుండెదడ కూడా లెక్కలోకి వస్తుంది కాబోలు.

ఇద్దరు పైలట్లను ఊహించుకోండి. ఒకాయన తండ్రి పోయాడు. నెలలుగా నిద్ర లేదు. డాక్టర్ దగ్గరకెళ్ళాడు, మాత్రలు మింగాడు, తేరుకున్నాడు. బుద్ధిగా ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టాడు. రెండో ఆయనదీ అదే బాధ. డాక్టర్ మొహం చూడలేదు. రాత్రి రెండు పెగ్గులు, పొద్దున నాలుగు కాఫీలు. ‘లేదు’ దగ్గర టిక్కు. వీళ్ళిద్దరిలో ఎవరు ఇంట్లో కూర్చున్నారు? ఎవరు మిమ్మల్ని, మీ పిల్లల్ని ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున మోసుకెళ్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏవియేషన్ డిగ్రీ అక్కర్లేదు.

మరి అబద్ధమాడితే ఊరుకుంటారా? అబ్బే! రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అయిదేళ్ళ దాకా జైలు. నిజం చెబితేనో? చాలాసార్లు విమానం దిగిపోవాలి. నెలల తరబడి పరీక్షలు, నివేదికలు, ఎదురుచూపులు. ఖర్చు చాలామటుకు పైలట్ జేబులోంచే. అంటే అబద్ధానికి దొరికితేనే శిక్ష. నిజానికి మాత్రం దాదాపు గ్యారంటీ!

ఇక ఫలితం ఎలా ఉంటుంది? 2022లో అచ్చయిన ఓ సర్వేలో 3,765 మంది అమెరికా పైలట్లను అడిగారు. సర్టిఫికెట్ పోతుందన్న భయంతో ఏదో ఒక రకంగా వైద్యాన్ని తప్పించుకున్నామన్నవాళ్ళు 56 శాతం. సగానికి పైమాటే! ప్రతి బోల్టునూ గంటల లెక్కన పరీక్షించే పరిశ్రమ ఇది. ఆ బోల్టులున్న యంత్రాన్ని నడిపేవాడు మాత్రం డాక్టర్ బోర్డు కనిపిస్తే వీధి మారుస్తున్నాడు.

అక్కడి సర్కారుకు ఇవేవీ తెలియవా? ఎందుకు తెలియవు! 2023లో ఓ చిత్రం బయటపడింది. సైన్యంలో పనిచేసి వచ్చిన పైలట్లలో దాదాపు అయిదు వేల మంది మీద విచారణ. వీళ్ళు ఒక ప్రభుత్వ ఆఫీసులో ‘మాకు వైకల్యం ఉంది’ అని భృతి తీసుకుంటున్నారట. పక్క ఆఫీసులో ‘మాకేం, గుండ్రాయిలా ఉన్నాం’ అని రాసిచ్చారేమోనట. ఒకే దేశం, ఒకే మనిషి, రెండు కౌంటర్లు. ఒక కౌంటర్లో జబ్బుంటే డబ్బు. రెండో కౌంటర్లో జబ్బుంటే గెంటు. మోసం చేసినవాళ్ళుంటే తప్పే, వెనకేసుకు రాను. కానీ ఆ రెండు కౌంటర్లూ కట్టిందెవరు?

మెల్లగా మారుతున్నారులెండి, కాదనను. 2010 దాకా కుంగుబాటు మాత్ర మింగితే చాలు, రెక్కలు కట్. ఆ ఏడాది నాలుగు మందులకు షరతుల మీద సరే అన్నారు. 2023 చివర్లో కమిటీ వేస్తే అది 2024లో 24 సిఫారసులు చేసింది. సిఫారసులు చేయడంలో మన కమిటీలకూ వాళ్ళ కమిటీలకూ తేడా ఏమీ లేదు.

అసలు పాఠం 2015లోనే రక్తంతో రాశారు. మార్చి 24. బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానం. కెప్టెన్ బయటికెళ్ళగానే కో-పైలట్ తలుపు బిగించాడు. విమానాన్ని ఆల్ప్స్ కొండకు కొట్టాడు. 150 మంది బూడిద. ఆసుపత్రిలో చేరమన్న డాక్టర్ మాట పెడచెవిన పెట్టాడు. ‘డ్యూటీకి పనికిరాడు’ అని రాసిచ్చిన చీటీలు చించేశాడు. హంతకుడే, ఇంకో మాట లేదు. కానీ లోకం నేర్చుకున్నదేమిటి? వెంటనే చీటీ చించక్కర్లేని పద్ధతి పెట్టిందా? లేదు. ఒక పైలట్ బయటికెళ్తే క్యాబిన్ సిబ్బందిలో ఒకరు లోపల కూర్చోవాలంది. రోగానికి మందడిగితే గుమ్మానికి కాపలా పెట్టారన్నమాట! రెండేళ్ళు తిరిగేసరికి ఆ జర్మనీలోనే కాపలా కూడా తీసేశారు. ఏం భాగ్యం!

మనమేం తక్కువ తిన్నామా?

2023 ఫిబ్రవరిలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఓ సర్క్యులర్ తెచ్చింది. వైద్య పరీక్షల్లో పైలట్ల మనసు సంగతీ చూడండి, శిక్షణ ఇవ్వండి, తోటి పైలట్లే ఆదుకునే బృందాలు పెట్టండి. కాగితం మీద అమృతం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలింది. 260 మంది పోయారు. నాలుగో రోజు, జూన్ 16న, ఆ సంస్థలో 112 మంది పైలట్లు సిక్ పెట్టారు. 51 మంది కమాండర్లు, 61 మంది ఫస్ట్ ఆఫీసర్లు. ఇది లోక్‌సభలో సహాయమంత్రి చెప్పిన లెక్క. సిక్ లీవులు ‘స్వల్పంగా’ పెరిగాయట! ఒక్కరోజు 112 మంది మంచం పట్టడం స్వల్పమైతే, ఎక్కువంటే ఎంతో?

వాళ్ళు కారణం ఏమని చెప్పి ఉంటారు? జ్వరమనా? విరేచనాలనా? ‘నిన్నటి దాకా పక్కన కూర్చుని టీ తాగినవాడు బొగ్గయిపోయాడు సార్, నాకు చేతులు వణుకుతున్నాయి’ అని రాసే ధైర్యం ఎవడికుంది? శిక్షణకే కోటి రూపాయల దాకా అప్పు. ‘టెంపరరీ అన్‌ఫిట్’ అన్న రెండు ముక్కలు ఫైల్లో పడితే ఆ ఈఎంఐ సర్క్యులర్ కడుతుందా?

ఇక అహ్మదాబాద్ ప్రమాదంలో చచ్చిపోయిన కెప్టెన్ సంగతి. ప్రాథమిక నివేదికలో ఇంధనం స్విచ్చుల గురించి ఇద్దరు పైలట్లు అనుకున్న రెండు మాటలు మాత్రమే ఉన్నాయి. ఆపావెందుకని ఒకరు, నేను ఆపలేదని ఇంకొకరు. అంతే! రాత్రి తొమ్మిదింటికల్లా టీవీ స్టూడియోలు వైద్యశాలలైపోయాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మనవాళ్ళు చచ్చినవాడి బుర్రకు టేపు పట్టుకుని కొలిచారు. బతికున్న పైలట్‌కు మనసు విప్పడానికి ఒక్క కౌన్సెలర్ దొరకడు. పోయిన పైలట్‌కు మాత్రం నలుగురు ప్యానెలిస్టులు, ఉచితంగా, ప్రైమ్ టైమ్‌లో! చివరికి ముసలి తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరని న్యాయమూర్తి చెబితే గానీ ఆయనకు ఆ మాట వినిపించలేదు.

ఇంతకీ పైలట్లకు ఈ దడ ఎక్కడి నుంచి వస్తోంది? అందులో కొంత రోస్టర్లోనే ఉంది. పైలట్లకు వారానికి 36 కాదు, 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని డీజీసీఏ అంది. రాత్రి ల్యాండింగులు ఆరు కాదు, రెండే అన్నారు. ఇది 2024 జనవరి మాట. వాయిదాలు, కోర్టు గడపలు దాటి పూర్తిగా అమలుకొచ్చేసరికి 2025 నవంబరు. డిసెంబరు మొదటి వారానికే విమానాలు నడపలేక ఇండిగో చేతులెత్తేసింది. శంషాబాద్‌లో పెళ్ళిబట్టల సూట్‌కేసుల మీద జనం నిద్రపోయారు. అప్పుడు మన శ్రీకాకుళం మంత్రిగారి విమానయాన శాఖ ఏం చేసింది? తర్వాత నోటీసులిచ్చారు, సర్వీసులకు కోత పెట్టారు, నిజమే. కానీ మొదటి పని? ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల్లో ఫిబ్రవరి 10 దాకా సడలింపు! పైలట్లు సరిపోలేదంటే, ఉన్నవాళ్ళ నిద్రను తూచి పంచిపెట్టారు. మనమూ తక్కువేం కాదు. కౌంటర్ మీద చెయ్యి కొట్టి ‘పైలట్ ఏడీ’ అని అరిచాం. పైలట్ పడుకున్నాడా అని ఒక్కరమైనా అడిగామా?

ఈ పూట ఏదో ఊళ్ళో ఓ మెడికల్ జరుగుతూ ఉంటుంది. బీపీ చూశారు, కళ్ళు చూశారు, చెవులు చూశారు.

“నిద్ర పడుతోందా?”

“హాయిగా సార్.”

“దిగులు, టెన్షన్?”

“మాకెందుకు సార్ టెన్షన్!”

ఇద్దరూ నవ్వారు. ముద్ర పడింది. మనవాడు బయటికొచ్చి, లిఫ్ట్‌లో కాలరు గుండీ ఊడదీసుకుని, ఫోను చూశాడు. రోస్టర్ మారింది. తెల్లవారుజామున మూడున్నరకు రిపోర్టింగ్. రేపు సాయంత్రం ఇంకో ఊళ్ళో, బావమరిది పేరు మీద, ఓ కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. నంబరు వెతికి రద్దు చేశాడు.